వజూ నీరు కాదు

భవానీపురంలోని మా ఇంటి నుంచి హనుమాన్ జంక్షన్‌లోని పాల శీతలీకరణ కేంద్రానికి నలభై మూడు కిలోమీటర్లు. ఉదయం ఐదూ ముప్పావుకు బయలుదేరి, రెండు బస్సులు మారి, ఏడింటికల్లా అక్కడ ఉండేదాన్ని. నా ముక్కు కొస నుంచి మెదడును మోసే పల్చని ఎముక దాకా ఏడు సెంటీమీటర్లు. ఆ ఎముకలో పడిన కన్నం మూడు మిల్లీమీటర్లు. 1999 చివరి నుంచి 2000 అక్టోబరు దాకా నా జీవితం ఈ మూడు కొలతల మధ్యే నడిచింది.

అపాయం గడిచి మూడేళ్లయింది. ఇప్పుడైతే కలవరపడకుండా రాయగలననిపించింది. మరో కారణం కూడా ఉంది. గుడివాడలో ఉండే మా ఆడపడుచు, తన బడిలో ఒక టీచరుకు నెల రోజులుగా ఒకే ముక్కులోంచి నీరు కారుతోందని, ఆవిడ ఆవిరి పట్టుకుంటోందని ఫోనులో మాటవరసకు చెప్పింది. అలాంటి వాళ్లెవరికైనా ఇది ఉపయోగపడితే చాలు. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

నేను చదివింది డెయిరీ టెక్నాలజీ. శీతలీకరణ కేంద్రంలో పాల నాణ్యత పరీక్ష నా బాధ్యత. పాలలో నీళ్లు కలిశాయేమో లాక్టోమీటరు చెబుతుంది. వెన్నకు వేరే పరీక్ష, పులుపుకు వేరే పరీక్ష. అయితే వాటన్నిటికంటే ముందు జరిగేది ముక్కుతో చేసే పరీక్ష. క్యాను మూత తియ్యగానే తల వంచి ఒక్క శ్వాస పీలుస్తాం. పాల వ్యాను ఆగి ఉంటుంది, దాని వెనక ఇంకోటి హారను కొడుతుంటుంది. ఒక్కో క్యానుకు దొరికేది రెండు మూడు క్షణాలే. పాలు పులిశాయా, పొగపట్టాయా, క్యాను సరిగా కడగలేదా, పితికే ముందు గేదె పిల్లిపెసర మేసి వచ్చిందా, అన్నీ ఆ శ్వాసలోనే తెలియాలి. పందొమ్మిదేళ్లుగా నా జీతం ఆ శ్వాస మీదే వచ్చింది.

1999 నవంబరు, డిసెంబరు

మొదటి చుక్కను నేను గుర్తుపెట్టుకోలేదు. రెండోదాన్నో, మూడోదాన్నో గుర్తుపెట్టుకున్నాను, ఎందుకంటే దానికి సాక్షి ఉన్నాడు. తేలప్రోలు నుంచి పాలు తెచ్చే అప్పారావు అనే ఆయన క్యాను మూత తీసి నా ముందు పట్టుకున్నాడు. తల వంచాను. కుడి ముక్కులోంచి ఒక చుక్క, నాకు తెలియకుండానే, ఆ మూత మీద పడింది.

"మా పాలల్లో మేమే నీళ్లు కలుపుతామంటారు. ఇప్పుడు మీరు మొదలెట్టారా మేడం గారూ?" అన్నాడు అప్పారావు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, మూత కడిగించి, చలిగాలికి జలుబు చేసిందన్నాను. దగ్గరలోని డాక్టరు కూడా జలుబనే మాత్రలిచ్చారు. అప్పటి నుంచి చేతిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకునే క్యాను మీదికి వంగేదాన్ని.

ఇంట్లో మాత్రం ఆ నీటికి నా దగ్గర వేరే కారణం ఉంది. నమాజుకు ముందు వజూ చేస్తాం. చేతులు, నోరు, ముఖం కడుక్కుంటాం, ముక్కులోకి నీరు పీల్చి చీదుతాం. ఆ తర్వాత నమాజులో సజ్దా చేసినప్పుడు, అంటే నుదురూ ముక్కూ నేలకు ఆనించినప్పుడు, జానమాజు గుడ్డ మీద ఒక చుక్క పడేది. వజూ నీరు లోపల మిగిలిపోయిందనుకున్నాను. అంతకంటే సహజమైన కారణం ఏముంటుంది? ముక్కు బాగా శుభ్రపడాలని రోజుకు ఐదుసార్లు ఇంకా గట్టిగా, ఇంకా పైకి నీరు పీల్చేదాన్ని.

డిసెంబరులో రంజాన్ నెల మొదలైంది. ఉపవాసం ఉన్నవాళ్లు వజూలో ముక్కులోకి నీరు పైకి పీల్చకూడదు, గొంతులోకి దిగిపోవచ్చు కనుక. తడివేలితో తుడుచుకుని సరిపెడతాం. నేనూ అలాగే చేశాను. అయినా సజ్దాలో చుక్క పడింది. పైగా మునుపటి కన్నా త్వరగా పడింది. ప్రయోగశాలలో మేం రోజూ చేసే పని ఇదే. కారణమనుకున్నదాన్ని తీసేసి చూస్తాం. ఫలితం మారకపోతే అది కారణం కాదు. ఆ మధ్యాహ్నం మిగిలిన నమాజును నేను ధ్యాసగా చెయ్యలేకపోయాను.

నా తర్వాత అదే జానమాజు మీద మా అత్తగారు మహబూబ్ బీ నమాజు చేసేది. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఆవిడ నమాజు ముగించి, నుదురు అరచేత్తో తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"నమాజులో ఏడుస్తున్నావా బేటీ? మావాడేమన్నా అన్నాడా?"

"లేదమ్మీ."

"మరి రోజూ ఈ తడి ఒక్కచోటే ఎందుకుంటోంది? ఏడిస్తే రెండు కళ్లలోంచీ పడాలి కదా."

జరిగింది చెప్పాను. ఆవిడకు వెంటనే పట్టుకున్న భయం జబ్బు గురించి కాదు, నా నమాజుల గురించి. ముక్కులోంచి అలా నీరు కారుతుంటే వజూ నిలుస్తుందా, పోతుందా అన్నది ఆవిడ సందేహం. నా భర్త ఖాదర్‌ను మసీదుకు పంపి, అక్కడ నమాజు చేయించే హజ్రత్‌ను అడిగించింది. ఖాదర్ ఆటోనగర్‌లో లారీలకు చెక్క బాడీలు కట్టే పని చేయిస్తాడు. ఏ మాటనైనా విన్నది విన్నట్టు తెచ్చి అప్పజెప్పే మనిషి. హజ్రత్ అన్నది ఇది: జలుబు నీరైతే వజూ పోదు. లోపల పుండో, గాయమో ఉండి అందులోంచి వచ్చే నీరైతే పోతుంది. కనుక అది ఏం నీరో ముందు డాక్టరును అడిగి రండి, తర్వాత నన్ను అడగండి.

ఏం నీరు? పాలలో కలిసిన నీటిని పట్టుకోవడం ఉద్యోగంగా ఉన్న నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆ రాత్రి నా చేతిగుడ్డలు తీసి చూశాను. జలుబు తుడిచిన గుడ్డ ఆరితే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. ఇవి ఉతికి ఆరేసినంత మెత్తగా ఉన్నాయి.

2000 జనవరి, ఫిబ్రవరి

రంజాన్ పండగ వెళ్లిన వారం విజయవాడలో ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లాం. వయసులో చిన్నవారు. ఆ తర్వాత ఆసుపత్రిలో అందరూ ఆయనను చిన్న డాక్టరు గారనే అనేవారు గనుక నేనూ అలాగే రాస్తాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తల మోకాళ్ల దాకా వంచమని, ముక్కు కింద చిన్న గాజు గొట్టం పట్టారు. అందులోకి చుక్క తర్వాత చుక్క రాలింది. పరీక్షకు పంపారు.

"ఇది ముక్కులో తయారైన నీరు కాదండీ. మెదడు చుట్టూ ఉండే నీరు. ముక్కు పైకప్పు, మెదడుకు నేల ఒకటే ఎముక. అందులో ఎక్కడో కన్నం పడింది" అని ఆయన ఫలితం చూసి చెప్పారు.

నీరు బయటికి రాగలిగిన దారిలో మురికి లోపలికీ వెళ్లగలదని, ఆపరేషను తప్పదని అన్నారు. వజూ సంగతి విన్నాక, ఇకమీదట ముక్కులోకి నీరు పీల్చవద్దన్నారు. శుభ్రం చేస్తున్నాననుకుంటూ నేను కుళాయి నీటిని ఎక్కడిదాకా పంపుతున్నానో అప్పుడు అర్థమైంది.

స్కానింగులో కన్నం కనిపించింది, కుడివైపున. ఆపరేషనుకు రోజు అనుకునే లోపే ఫిబ్రవరిలో జ్వరం వచ్చింది. ఆ జ్వరం గురించి నాకు తెలిసింది తక్కువ. వెలుతురు చూడలేకపోవడం, తలలో ఎవరో బిగించినట్టు నొప్పి, మెడ కొయ్యలా బిగుసుకుపోవడం. సజ్దా మాట అటుంచి, గడ్డాన్ని గుండెకు ఆనించలేకపోయాను. మెదడు పొరలకు చీము పట్టిందన్నారు. మిగతా భాగం వేరేవాళ్లు చెప్పినదే. ఖాదర్ ఆటోనగర్‌లోని తన యార్డుకు వెళ్లడం మానేసి ఆసుపత్రి వరండాలో బల్ల మీదే ఉన్నాడట. ఎవరు పలకరించినా "మందులు పనిచేస్తున్నాయట" అనేవాడట, పనిచేస్తున్నాయని డాక్టర్లు చెప్పకముందు కూడా.

తెలివి పూర్తిగా వచ్చాక ఆ బల్ల మీద నేనూ చాలా గంటలు కూర్చున్నాను. అక్కడ పరిచయమైన మనిషి రాజ్యలక్ష్మి గారు. కూచిపూడి నుంచి బస్సులో వచ్చేవారు. ఆరేళ్ల కిందట నాకున్న జబ్బే ఆవిడకూ వచ్చింది. తలకు పైనుంచి ఆపరేషను చేసి బాగుచేశారు. దాని తర్వాత అప్పుడప్పుడూ మూర్ఛ వస్తుంటే మందులకోసం వస్తున్నారు. నా చీటీ చూడగానే తన పక్కన చోటిచ్చి, సీసాలోని మజ్జిగ సగం నాకు పోశారు. తనకు ఆపరేషను చేసిన, అదే ఆసుపత్రిలోని పెద్ద డాక్టరు గారిని దేవుడిలా తలుచుకున్నారు. ముక్కే నా బతుకుతెరువు గనుక, వాసన సంగతి నేనే అడిగాను.

"వాసన పోతే ఏముందిలే, ప్రాణం దక్కింది చాలనుకున్నానండీ. నిజంగానే చాలు. కూర మాడితే ఎవరో ఒకరు అరుస్తారు. కానీ మనవడు పుట్టాడు. ఎత్తుకుని మెడ దగ్గర ముఖం పెట్టుకుంటే ఏమీ రాదండీ. బొమ్మను ఎత్తుకున్నట్టుంటుంది."

ఆ మాట అనేశాక, నన్ను భయపెట్టానేమోనని నొచ్చుకుని, గుంట పూడ్చినట్టుగా ఆ డాక్టరు గారి మంచితనం గురించి ఇంకో పావుగంట చెప్పారు.

2000 మార్చి

దారులు రెండు. పెద్ద డాక్టరు గారు మెదడు ఆపరేషన్లు చేసేవారు, పేరున్నవారు. ఆయన పద్ధతిలో తల ముందు భాగం తెరిచి, మెదడును కొద్దిగా పైకెత్తి, కన్నం మీద అతుకు వేస్తారు. అలా ఎత్తినప్పుడు రెండువైపులా వాసన నరాలు తెగిపోయే అవకాశమే ఎక్కువ అని ఆయనే చెప్పారు, దాచలేదు. చిన్న డాక్టరు గారి పద్ధతిలో తల తెరవనక్కరలేదు. సైనస్‌ల కోసం తెప్పించుకున్న ఎండోస్కోపు, అంటే చివర వెలుతురు ఉన్న సన్నటి గొట్టం, ముక్కులోంచి పైకి పంపి, టీవీ తెరమీద చూస్తూ, తొడ నుంచి తీసిన చిన్న పొరతో కన్నాన్ని కింది నుంచి మూస్తారు.

"నాకిది నాలుగోదండీ" అని చిన్న డాక్టరు గారు చెప్పారు. "ముగ్గురిలో ఇద్దరికి నిలిచింది. ఒకరికి మళ్లీ కారింది, వాళ్లకు పైనుంచి చేయించాల్సి వచ్చింది. కుడివైపు వాసనకు నేను హామీ ఇవ్వలేను. ఎడమవైపు ముట్టుకోను."

పెద్ద డాక్టరు గారికి అది నచ్చలేదు. తల తెరిస్తే అంతా కళ్లెదుట ఉంటుందని, ముక్కులోంచి పనిచెయ్యడమంటే తాళంచెవి కన్నంలోంచి చూస్తూ ఇల్లు సర్దడం లాంటిదని అన్నారు. ఖాదర్‌కు ఆ మాట పట్టుకుంది. ఇంటికి వచ్చాక మా మధ్య ఆ వారమంతా ఇదే గొడవ. ఉద్యోగం పోతే పోనీ, లోపల బల్ల దగ్గర కూర్చునే పని అడుగుదాం, మనిషి ఉంటే చాలు అంటాడు. అందులో తప్పు లేదు. నేను రాజ్యలక్ష్మి గారి మనవడి గురించి చెబితే, ఆవిడ బతికుందా లేదా అని అడిగాడు. చివరికి అన్నాడు:

"కొత్త మిస్త్రీకి మొదటి బండి ఎవరైనా ఇస్తారా?"

"మీకెవరిచ్చారు?"

"మా మామూ. అది తుక్కు కింద అమ్మేద్దామనుకున్న బండి."

"నేనూ నలభై రెండేళ్ల బండినేగా."

ఖాదర్ నవ్వలేదు. లేచి వాకిట్లోకి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి, "నువ్వు తుక్కు కాదు" అని మాత్రం అన్నాడు.

ముడి విప్పింది అత్తగారు. తర్వాతిసారి ఆసుపత్రికి తనూ వస్తానని పట్టుబట్టి వచ్చింది. డాక్టర్లిద్దరూ గదిలో ఉన్నారు. స్కాను ఫిల్ము గురించి వాళ్లిద్దరూ మర్యాదగానే, అయినా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మాట్లాడుకుంటున్నారు. మా అత్తగారు పెద్దాయన వైపు తిరిగింది.

"ఈ బాబు ముక్కులోంచి చేస్తుంటే మీరు దగ్గరుంటారా డాక్టరు గారూ? కుదరకపోతే అప్పుడు మీరు చేద్దురుగాని."

పెద్ద డాక్టరు గారు ఫిల్మును కవరులో పెట్టారు. మళ్లీ తీసి చూశారు. "ఉంటానమ్మా" అన్నారు.

నేను రెండు ఆపరేషన్లకూ సంతకం పెట్టాను.

2000 ఏప్రిల్

మత్తులోకి జారే ముందు నాకు వినిపించిన చివరి మాట, టీవీని ఇంకాస్త ఇటు తిప్పమని పెద్దాయన చెప్పడం.

మెలకువ వచ్చినప్పుడు ముక్కు నిండా గుడ్డ కుక్కి ఉంది. నోటితో ఊపిరి తీసుకుంటున్నాను. ఏ ఆపరేషను జరిగిందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. చెయ్యి పైకెత్తి తల తడుముకున్నాను. నుదుటి మీద కట్టు లేదు. పాపిట ఉంది. జడ ఉంది. జడను పట్టుకునే మళ్లీ నిద్రపోయాను.

సాయంత్రం పెద్ద డాక్టరు గారు మంచం దగ్గరికి వచ్చారు. నాడి చూశారు, కళ్లలోకి లైటు వేశారు. వెళ్లబోతూ ఆగారు.

"ముప్పై ఏళ్లుగా ఆ చోటు నేను పైనుంచే చూశానమ్మా. ఇవాళ కింది నుంచి చూశాను. తెలిసిన ఊరికి కొత్త దారిన వచ్చినట్టుంది. కన్నం ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు."

అది పశ్చాత్తాపమూ కాదు, ఓటమీ కాదు. ఒక పనివాడు ఇంకో పనివాడి పనిని మెచ్చుకోవడం. చిన్న డాక్టరు గారు గుమ్మం దగ్గరే నిలబడి విన్నారు. ఆయన ముఖంలో సంతోషం కన్నా అలసటే ఎక్కువగా కనిపించింది. అతుకు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమని, వారాలు గడవాలని నాకు గుర్తుచేసి వెళ్లారు.

గుడ్డలు తీసిన రోజు నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచింది. ఆ ఘాటు ముక్కుకు తగిలింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, ఘాటుకో, మరెందుకో. ఆ తర్వాత ఖాదర్ వచ్చి నా మీదికి వంగినప్పుడు, అతని చొక్కాకు ఎప్పుడూ ఉండే టేకు పొట్టు వాసన వచ్చింది. అతన్ని కదలవద్దని చెప్పి, ఎడమ ముక్కును వేలితో మూశాను. ఏమీ లేదు. వేలు తీసి కుడి ముక్కు మూశాను. టేకు. ఇంకోసారి చేశాను. అదే ఫలితం. ఏం చూస్తున్నావని అడిగాడు. సగం ఉందని చెప్పాను.

2000 మే నుంచి అక్టోబరు

ఆ ఎండాకాలమంతా నేను నిటారుగా బతికాను. వంగకూడదు, బరువెత్తకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ముక్కు చీదకూడదు. దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్ర. నమాజు కుర్చీలో కూర్చుని, సజ్దాకు తల కొద్దిగా ముందుకు వంచే సైగతోనే. జబ్బుపడ్డవాళ్లకు ఆ వెసులుబాటు ఉందని అత్తగారికి తెలుసు, అయినా నా కుర్చీ వైపు చూసినప్పుడల్లా ఆవిడ పెదవులు బిగిసేవి. ఒకరోజు ఉండబట్టలేక, కలెక్టరుగారిలా కూర్చుని దేవుడితో మాట్లాడుతున్నావని అంది. అని, నాకు దిండు సర్దింది.

ప్రతి ఉదయం నిద్ర లేవగానే మొదటి పని గొంతులో ఉప్పదనం ఉందేమో చూసుకోవడం. జబ్బుగా ఉన్న రోజుల్లో ఆ నీరు గొంతులోకి దిగినప్పుడు ఉప్పగా తగిలేది. నిజమైన జలుబు చేసిన రెండుసార్లు ఇంట్లో ఎవరికీ నిద్రలేదు. చేతిగుడ్డ ఆరేసి, అది బిరుసెక్కేదాకా చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం. గుడ్డ బిరుసెక్కినందుకు సంతోషించిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

జూలైలో మళ్లీ ఉద్యోగంలో చేరాను. ముందుగా మేనేజరు, ఏది ఏదో నాకు తెలియకుండా పది గ్లాసుల పాలు కలిపి పెట్టించి పరీక్షించారు. పొగ పట్టినదీ, పులుపు తిరుగుతున్నదీ ఎడమ ముక్కుతోనే పట్టుకున్నాను. పిల్లిపెసర వాసన ఉన్నదాన్ని మొదటిసారి వదిలేశాను, రెండోసారి పట్టుకున్నాను. మునుపు ఒక్క శ్వాస చాలేది, ఇప్పుడు రెండు కావాలి. వంగకూడదు గనుక గరిటెతో పాలు తీసి పైకెత్తి, ముఖం కాస్త కుడికి తిప్పి వాసన చూడటం అలవాటు చేసుకున్నాను. అప్పారావు మొదటి రోజే కనిపెట్టాడు.

"మేడం గారు మా పాలను ఓరచూపు చూస్తున్నారేంటండీ, అనుమానమా?"

మళ్లీ అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అక్టోబరులో చిన్న డాక్టరు గారు ఎండోస్కోపుతో లోపల చూసి, అతుకు చుట్టూ ముక్కు లోపలి పొర కలిసిపోయిందని, ఇక వంగవచ్చని చెప్పారు. ఆ సాయంత్రం ఇంట్లో అదే పాత జానమాజు పరిచాను. ముక్కును తడివేలితో తుడుచుకుని వజూ ముగించాను. సజ్దాలోకి మెల్లగా వంగాను. నుదురు గుడ్డకు తగిలింది. నేను చదవాల్సిన మాటలు చదివాను. ఉండాల్సినదానికన్నా ఎక్కువసేపు అలాగే ఉన్నాను.

నమాజు ముగించే సలాం చెప్పి పక్కకు జరిగాను. అత్తగారు తన నమాజు మొదలుపెట్టలేదు. ముందు కూర్చుని, నా నుదురు ఆనిన చోట అరచెయ్యి పరిచి, కొంచెంసేపు ఉంచింది. చెయ్యి తిప్పి చూసుకుంది.

"పొడి" అంది. తర్వాత లేచి నిలబడి నమాజు మొదలుపెట్టింది.

ఇక లెక్క. ఆ ఏడాది చివర వచ్చిన రంజాన్‌లో నీరసానికి వదిలేసిన సగం ఉపవాసాలు, తర్వాత పూర్తిచేశాను. ఖాదర్ రెండేళ్లుగా ఎండబెట్టుకున్న టేకు దుంగలు, అమ్మిన డబ్బు ఆసుపత్రికే పోయింది. మచిలీపట్నంలో మా చెల్లెలి కూతురి పెళ్లి, చూడలేదు. ముక్కులోకి నీరు పీల్చి చేసే వజూ, మళ్లీ చెయ్యను. జ్వరపు రోజుల జ్ఞాపకం, తిరిగి రాలేదు. కుడివైపు వాసన పోయింది. ఎడమవైపు ఉంది.